ఊడిన డోర్ పట్టీతో నా కుస్తీ

పాత కారు డోర్ మీదుండే నల్ల ప్లాస్టిక్ పట్టీ ఒక కొస లేచిపోయి, కాస్త స్పీడ్ పెంచితే చాలు టపటపా కొట్టుకుంటోంది, నెల నుంచీ రేపు చూద్దాంలే అనుకుంటూనే తిరిగా. మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశా, సూపర్ గ్లూ పెట్టా. రెండు రోజులు ఆగింది, తర్వాత పెళుసుగా అయిపోయి పెట్‌మని ఊడింది, పైగా పెయింట్ మీద తెల్ల మరక 🤦

నిన్న మాత్రం ఓపిగ్గా కూర్చున్నా. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, పట్టీ వెనక చేపలు పట్టే నైలాన్ దారం దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే పట్టీని పట్టి ఉంచే పాత ఫోమ్ టేపు తెగి, పట్టీ వంగకుండా వచ్చేసింది. అసలు చాకిరీ అంతా మిగిలిన జిగురు వదిలించడమే, రుద్ది రుద్ది వేళ్ళు మంట పుట్టాయి, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచా. ఊడదీయకముందే మాస్కింగ్ టేపుతో లైన్ గుర్తు పెట్టుకోవడం మంచిదైంది, ఎందుకంటే ఈ యాక్రిలిక్ ఫోమ్ డబుల్ సైడ్ టేపు ఒకసారి అంటుకుందా, ఇక జరపడం మన వల్ల కాదు. పట్టీ వెనక ఆ కొత్త టేపు వేసి, గుర్తు ప్రకారం డోర్‌కి అంటించి, పొడవునా గట్టిగా నొక్కి, పైన అడ్డంగా మాస్కింగ్ టేపు ముక్కలు వేసి వదిలేశా.

పూర్తి పట్టు రావాలంటే 72 గంటలు ఆగాలి, అప్పటిదాకా కడగకూడదు. మా ఆవిడ చూసి "బండికి దెబ్బ తగిలిందా, కట్లు కట్టారేంటి" అంటోంది 😄