ఎస్టిమేటును వరుస వరుసగా చదివితే

బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర కీచుమని చప్పుడు వస్తుండటంతో గత నెల మా కారును సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. గంట తర్వాత అడ్వైజరు నా చేతికిచ్చిన ఎస్టిమేటు రూ.27,800. తొమ్మిదేళ్ల బండికి ఆ మొత్తం ఎక్కువో, తక్కువో అంకెను చూసి తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే సంతకం పెట్టకుండా కుర్చీ లాక్కుని, ఒక్కో వరుసకూ కారణం అడుగుతూ చదివాను.

అన్నిటికంటే పెద్ద ఖర్చు రెండు బ్రేకు డిస్కులది. "అరిగిపోయాయి సార్" అన్నారు. అరుగుదలకు కొలత ఉంటుంది. ఏ మందం దాకా వాడవచ్చో సాధారణంగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది, తుప్పు తుడిస్తే కనిపిస్తుంది. మా డిస్కు మీద 18 మిల్లీమీటర్లని ఉంది. అంచున మిగిలిన గట్టును వదిలి లోపలి భాగాన్ని మైక్రోమీటరుతో కొలవమని కోరితే, టెక్నీషియన్ విసుక్కోకుండా నాలుగు చోట్ల కొలిచి చూపించాడు: ఎక్కడా 19.2కు తగ్గలేదు. డిస్కును రెండు వైపులా నొక్కి చక్రాన్ని ఆపే ప్యాడ్లు మాత్రం నిజంగానే అయిపోయాయి. కొత్తప్పుడు దాదాపు 10 మిల్లీమీటర్లుండే పొర రెండుకు దిగడంతో, హెచ్చరిక కోసం అమర్చిన ఇనుప రేకు డిస్కుకు రాసుకుని ఆ చప్పుడు చేస్తోంది. కుడి వైపు ప్యాడ్లు కొంత మెరుగ్గా ఉన్నా రెండు వైపులా ఒకేసారి మార్చాలని వారు చెప్పింది సరైన మాటే, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగే ప్రమాదం ఉంది.

విడిభాగాల ధరల దగ్గర మరో సంగతి బయటపడింది. డబ్బా మీద ముద్రించిన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, కానీ ఎస్టిమేటులో ఆ ఎంఆర్‌పీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ వేశారు. లేబరు మీద జీఎస్టీ విడిగా వేయడం న్యాయమే. ఈ తేడా చూపించగానే మారు మాట్లాడకుండా సరిచేశారు.

లేబరు విషయంలో నేను చూసేది ఒక్కటే: ఒకసారి విప్పిన దానికి రెండుసార్లు కూలి వేశారా అని. ఉదాహరణకు, క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్సు దించక తప్పదు. అలా దించినప్పుడే, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు కూడా మార్చడం తెలివైన పని, ఎందుకంటే ఆరు నెలలకు అది చెడితే మళ్లీ అంత కూలీ ఇవ్వాలి. అయితే ఆ బేరింగు పేరుతో గేర్‌బాక్సు దించిన లేబరు రెండోసారి కనిపిస్తే మాత్రం గట్టిగా అడగాలి.

తక్కువ చెప్పిన ప్రతిచోటా న్యాయంగా చెప్పారనీ అనుకోకూడదు. ఇదే జాబితాను విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్‌కు చూపిస్తే ప్యాడ్ల ధర సగమే చెప్పాడు. ఏ కంపెనీవని అడిగాను. ఆయన దాచకుండా, అవి కంపెనీ ప్యాడ్లు కావనీ, అసలువి కావాలంటే తన దగ్గరా ఇంచుమించు అదే ధర అవుతుందనీ చెప్పాడు. పార్ట్ నంబరు ఒకటే అయినప్పుడే రెండు ఎస్టిమేట్లను పోల్చడంలో అర్థముంది. పైగా లోపం ఎక్కడుందో వెతకడానికి మెకానిక్ వెచ్చించిన గంటకు డబ్బివ్వాలని నేను నమ్ముతాను, ఎందుకంటే ఆ గంట సరిగ్గా గడిస్తేనే అక్కర్లేని భాగాలు మార్చకుండా ఉంటారు.

చివరికి సర్వీస్ సెంటర్‌లోనే ప్యాడ్లు మార్పించాను. పాతవి నాకు చూపించాలని, చేయాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డులో ముందే రాయించాను. ఎడమ చక్రం లోపలి ప్యాడు మిగతా మూడింటికంటే బాగా అరిగి ఉంది. కారణమేమిటని అడిగితే, టెక్నీషియన్ కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్ను చేత్తో కదిపి చూసి, అది పట్టేసిందని చెప్పి, విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టాడు. ఎస్టిమేటులో లేని ఆ పనికి వేసిన రూ.350 మాత్రం సంతోషంగా ఇచ్చాను.