అస్సీసిలో కళ్లు తెరిచిన క్రీస్తు

మా విచారణ (మా చర్చి పరిధిలోని సంఘం) నుంచి ఇటలీ యాత్రకు బయల్దేరిన వాళ్లలో ఎక్కువమంది మనసు రోము మీదే ఉంది. నా మనసు మాత్రం అస్సీసి మీద. గుంటూరులో నేను చదువుకున్న హాస్టల్ ప్రార్థనా మందిరంలో సాన్ దమియానో సిలువ నకలు ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే దాని ముందు మోకరించేవాళ్లం. ఒక్క సిలువ మీద అంతమంది మనుషుల బొమ్మలు ఎందుకున్నాయా అని చూస్తూ ఉండేదాన్ని. అసలు సిలువను దగ్గరగా చూడాలన్న కోరిక అప్పటిది.

అస్సీసి సుబాసియో కొండ వాలు మీద ఉన్న చిన్న ఊరు. ఆ కొండ రాయితోనే కట్టారేమో అన్నట్టు ఇళ్లూ గోడలూ గులాబీ, తెలుపు కలిసిన రంగులో ఉంటాయి. ముందుగా ఈ ఊరి పునీతుడైన ఫ్రాన్సిస్ వారి బసిలికాకు, అంటే ఆయన పేరిట ఉన్న పెద్ద దేవాలయానికి వెళ్లాం. కింద ఆయన సమాధి దగ్గర ప్రార్థించి, పై దేవాలయంలోకి ఎక్కాం. ఆయన జీవితాన్ని చెప్పే 28 చిత్రాలు గోడల వెంట ఉన్నాయి. అందరూ వాటి దగ్గరే ఆగిపోయారు గానీ, నన్ను నిలబెట్టింది 13వ శతాబ్దం చివర్లో చిమబూయే అనే చిత్రకారుడు గీసిన సిలువ దృశ్యం. తెల్లరంగులోని సీసం కాలక్రమంలో నల్లబడి, బొమ్మంతా ఫొటో నెగెటివ్‌లా తిరగబడిపోయింది. అయినా ఆ బాధ మాత్రం చెక్కు చెదరలేదు. క్రీస్తు దేహం ఒక పక్కకు ఒరిగి, తల వాలిపోయి ఉంది. పాదాల దగ్గర ఫ్రాన్సిస్ వారు వంగి మోకరించి ఉన్నారు.

అక్కడి నుంచి ఊరికి ఆ చివరనున్న ఫ్రాన్సిస్ వారి బాటలో నడిచిన పునీత క్లారా వారి బసిలికాకు నడిచాం. నేను చూడాలనుకున్న సిలువ అక్కడ, కుడివైపు చిన్న ప్రార్థనాలయంలో ఉంది. లోపల ఫొటోలు తీయకూడదు. మంచిదే. ఫోన్లు సంచుల్లోకి పోయాక అందరి కళ్లూ సిలువ మీదికి వెళ్లాయి.

12వ శతాబ్దపు సిలువ అది. చెక్క మీద బట్ట అంటించి, దాని మీద రంగులు వేశారు. చిత్రకారుడి పేరు ఎవరికీ తెలియదు. ఊరి బయట పాడుబడిన సాన్ దమియానో గుడిలో యువకుడైన ఫ్రాన్సిస్ దీని ముందే ప్రార్థిస్తుంటే, "వెళ్లు, కూలిపోతున్న నా ఇంటిని బాగుచెయ్యి" అన్న మాట వినపడిందని చెబుతారు. ఆయన ముందు రాళ్లూ సున్నమూ మోసి ఆ గుడినే బాగుచేశారు.

నాతో వచ్చిన పెద్దమ్మ సిలువ వైపు చాలాసేపు చూసి, "అమ్మాయ్, ప్రభువు కళ్లు తెరిచే ఉన్నాయేమే?" అంది. నిజమే. తలకు ముళ్ల కిరీటం లేదు. శరీరం వేలాడడం లేదు, నిటారుగా నిలబడి ఉంది. గాయాల నుంచి రక్తం కారుతూనే ఉంది, కానీ ఆ ముఖంలో చావు లేదు. చేతుల వెనకాల నల్లటి పట్టీ ఒకటి అడ్డంగా సాగుతుంది. అది ఖాళీ సమాధి అని మా ఫాదర్ గారు చెప్పారు. పైన ఎర్రటి వృత్తంలో ప్రభువు పరలోకానికి ఎక్కిపోతున్నాడు. ఆ పైన తండ్రి దేవుని కుడిచెయ్యి. ప్రభువు మరణించిన శుక్రవారం, తిరిగి లేచిన ఆదివారం, ఆరోహణం మూడూ ఒకే చెక్క మీద ఉన్నాయి. కింది నుంచి పైకి చూసుకుంటూ పోతే మేం పూజలో చెప్పుకునే విశ్వాస సంగ్రహం చదివినట్టే.

ప్రభువుకు కుడిపక్కన మరియమాత, యోహాను ఉన్నారు. పెద్దమ్మ చూపు అక్కడ ఆగింది. "చూడవే, అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది." ఆ కాలపు చిత్రాల్లో అది దుఃఖానికి గుర్తని ఫాదర్ గారు అన్నారు. మా ఇళ్లలో ఎవరైనా అలా కూర్చుంటే పెద్దవాళ్లు ఊరుకోరు, చెయ్యి తియ్యమంటారు. పెదనాన్న పోయిన దగ్గర్నుంచి పెద్దమ్మ వరండాలో అలాగే కూర్చుంటోంది. ఇంట్లో అందరం వద్దు వద్దని తీయిస్తూనే ఉన్నాం. "ఆవిడే పెట్టుకుంటే నేను పెట్టుకోవడం తప్పేంటి?" అని నెమ్మదిగా అడిగింది. బొమ్మలో మరియమాత రెండో చెయ్యి కొడుకు వైపు చూపిస్తోంది. ఒక చెయ్యి ఏడుస్తోంది, ఒక చెయ్యి నమ్ముతోంది. ఏళ్ల తరబడి నకలును చూసినా నాకు తట్టనిది ఆవిడకు కాసేపట్లో తట్టింది.

ప్రభువు ఎడమకాలి పిక్క పక్కన, వెతికితేగానీ కనపడనంత చిన్న కోడిపుంజు ఉంది. ప్రభువెవరో తెలియదని శిష్యుడు పేతురు మూడుసార్లు బొంకిన రాత్రి కూసింది అదే. కోడికూతలో తెల్లవారబోతోందన్న కబురు కూడా ఉందని, తొలి క్రైస్తవులు దాన్ని పునరుత్థానానికి గుర్తుగా చూసేవారని ఫాదర్ గారు చెప్పారు. మరీ అడుగున ఉన్న పునీతుల బొమ్మలైతే బాగా అరిగిపోయాయి.

ఫ్రాన్సిస్ వారు 1224లో లా వెర్నా కొండ మీద పంచగాయాలు, అంటే సిలువ మీద క్రీస్తుకైన ఐదు గాయాల గుర్తులు, తన ఒంటి మీద పొందారు. ఆయన వెనక వచ్చినవాళ్లే తల వాల్చిన, బాధపడే క్రీస్తు రూపాన్ని ఊరూరా వ్యాపింపజేశారు. చిమబూయే సిలువ ఆ బాటలోదే. మన గుళ్లలో, మన సిలువమార్గాల్లో అలవాటైంది ఆ రూపమే. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలానికి అది కావాలి. కానీ చావు జరిగిన ఇంటికి ఈ కళ్లు తెరిచిన సిలువ ఎక్కువ అవసరమని నాకు గట్టిగా అనిపించింది.

మధ్యాహ్నం ఆలివ్ తోటల పక్కగా సాన్ దమియానోకు దిగాం. బాట బాగా ఏటవాలు. పెద్దమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. పునీత క్లారా వారు 1253లో కన్నుమూసింది ఆ మఠంలోనే. తర్వాత సిస్టర్లు ఊళ్లోకి మారుతూ సిలువను తమతో తీసుకెళ్లారు. అందుకని ఇప్పుడు అక్కడ పీఠం మీద నకలు వేలాడుతోంది. ఆ చిన్న గుడిలో జపమాల చెప్పుకున్నాం.

తిరిగి పైకి ఎక్కేటప్పుడు పెద్దమ్మ అడిగింది, ఈ సిలువ బొమ్మను టైల్ మీద వేయించవచ్చా అని. వేయించవచ్చన్నాను. నవంబరు 2న మృతుల స్మరణ రోజుకల్లా పెదనాన్న సమాధికి అది పెట్టించాలట, కోడిపుంజు మాత్రం స్పష్టంగా కనపడాలట. ఇంటికి వెళ్లగానే మేస్త్రీతో మాట్లాడమని దారిలోనే నాకు పురమాయించింది.