రానండి అని చెప్పి వెళ్ళిన యాత్ర

"రానండి" అన్నాను మా సంఘం పాస్టరు అయ్యగారితో.

డిసెంబరులో నాన్న పోయారు. అప్పటి నుంచి ప్రార్థనలో నాకేమీ తెలియడం లేదు. మోకరిస్తే మోకాళ్ళ నొప్పి తెలుస్తోంది, అంతే. ఆదివారం ఆరాధనలో చుట్టూ అందరూ చేతులెత్తి కన్నీళ్ళతో పాడుతుంటే నేను పాటల పుస్తకం పట్టుకుని నిలబడతాను. పెదాలు కదులుతాయి, లోపల ఏదీ కదలదు. ఇరవై ఏళ్ళుగా కూటాల్లో లేచి "దేవుడు నన్ను తాకాడు" అని సాక్ష్యం చెప్పినదాన్ని. ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు. ఆయన నన్ను వదిలేశాడేమో అని రాత్రిళ్ళు ఒకటే టెన్షన్.

ఇదంతా అయ్యగారి దగ్గర కూర్చుని చెప్పుకున్నాను. ఓదారుస్తారనుకున్నాను. ఆయన చివరిదాకా విని, "ఈస్టరు ముందు ఈ శ్రమల దినాల్లో మనవాళ్ళు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్తున్నారమ్మా, మూడు రోజులు. వంట దగ్గర ఒక మనిషి తక్కువ. మీరు వస్తారా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. నా గుండె ఎండిపోయిందంటే ఈయన వంట గురించి అడుగుతున్నారు. అందుకే రానన్నాను.

గురువారం రాత్రి రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. ఇష్టం కలిగి కాదు. వాళ్ళు దిగేది సోంపేటలో అని తర్వాత తెలిసింది. మా ఇంట్లో సోంపేట అంటే నాన్నమ్మ కళ్ళు.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. 1979లో విజయనగరం జిల్లా రాకముందు మా ఊరు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. నాన్నమ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చి గోడ పట్టుకుని నడిచే రోజుల్లో తాతయ్య ఆమెను రైల్లో సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గల్లిసన్ గారి ఆసుపత్రి అది. అప్పట్లో ఆపరేషన్ అయ్యాక కళ్ళకి కట్టు కట్టి, తల కదపకుండా రోజుల తరబడి పడుకోబెట్టేవారు. నాన్నమ్మ డాక్టరు గురించి ఎక్కువ చెప్పేది కాదు. ఆ చీకటి రోజుల్లో తనకి చెంచాతో గంజి పట్టిన ఆయా గురించి చెప్పేది. "మొహం చూడనేదమ్మా, చెయ్యి తెలుసు" అనేది. కట్టు విప్పేనాటికి ఆ ఆయా వేరే వార్డుకి వెళ్ళిపోయిందట.

శుక్రవారం పొద్దున్న విజయనగరంలో ప్యాసింజరు ఎక్కాం, మొత్తం తొమ్మిది మందిమి. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటోల్లో శ్రీకాకుళం ఊళ్ళోకి వెళ్ళాం. మా సంఘ పెద్ద ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, అక్కడ ఆగి ప్రార్థన చేసుకుని వెళ్దామన్నారు. నాగావళి ఒడ్డున కూర్చున్నాం. మార్చి నెల కదా, నీళ్ళ కంటే ఇసకే ఎక్కువగా ఉంది.

ఆయన చెప్పిన సంగతి నేను అంతవరకూ వినలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలైంది. క్రాన్ 1809 జనవరిలో ఈ శ్రీకాకుళంలోనే చనిపోయారు. మరుసటి ఏడాది డి గ్రాంజెస్ కూడా పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ చేత్తో పట్టుకోలేదు.

అది విన్నాక నది వైపు చూస్తూ ఉండిపోయాను. పరాయి దేశంలో ఎండకి, జ్వరాలకి ఓర్చుకుంటూ, ఒక్కో మాటకి సరైన తెలుగు మాట వెతుక్కుంటూ గడిపిన ఆ నాలుగేళ్ళలో ఎన్ని పొడి రోజులు ఉండి ఉంటాయి! పొద్దున్న లేచి, ఏమీ అనిపించకుండానే మళ్ళీ కలం పట్టుకున్న రోజులు ఎన్నో ఉండి ఉంటాయి.

హెడ్మాస్టరు గారు మత్తయి సువార్తలోంచే ఒక ఉపమానం చెప్పి ప్రార్థన ముగించారు. ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. ద్రాక్షతోటలో పని చెయ్యమంటే పెద్దవాడు పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని పోయాడు. రెండోవాడు పోతానయ్యా అన్నాడు గాని పోలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో వంద సార్లు విన్న కథ. పెద్ద కొడుకు తోటకి వెళ్ళేటప్పుడు పాడుకుంటూ వెళ్ళాడని అందులో ఎక్కడా లేదు. తండ్రి అడిగింది పని. ఆ సంగతి నాకు మొదటిసారి పట్టింది. నేను రానన్నట్టు ఆయనకి తెలియదు, నేనూ చెప్పలేదు.

పలాస దాటాక కిటికీ అవతలంతా జీడితోటలు, కొబ్బరితోటలు. సోంపేటలో దిగేసరికి చీకటి పడింది. మర్నాడు తెల్లారకముందే ఆరోగ్యవరం ఆసుపత్రి గేటు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి నిలబడ్డాను. ఇక్కడి కంటి వైద్యం కోసం గల్లిసన్ గారు అడిగితే కెనడాలోని కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి స్పందించారు. 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ అలా పుట్టింది. నాన్నమ్మ ఆ గేటులోంచి తాతయ్య చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది, తన చూపుతో బయటికి వచ్చింది. అక్కడ ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. "ప్రభువా, నాకేమీ తెలియడం లేదు, పనికి వెళ్తున్నాను" అని చెప్పి వచ్చేశాను.

పని ఏమిటంటే, కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళకి వంట, తోడు. ఉద్దానంలో ఈ జబ్బు ఎన్నో కుటుంబాలను తినేసింది. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నన్ను పంపిన ఇంట్లో ఆయన కొబ్బరి దింపు పని చేసేవాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లను కూల్చేసింది. ఆ తర్వాత జబ్బు బయటపడింది. వారానికి రెండు సార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు.

వంట నాకు కొత్తగా నేర్పారు. కూరగాయ ముక్కలు చిన్నగా తరిగి నీళ్ళలో నానబెట్టాలి, ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. పొటాషియం తగ్గడానికి అట. ఉప్పు కొద్దిగా వెయ్యాలి. పప్పు, టమాటా, అరటిపండు చూసి చూసి పెట్టాలి. నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. దాహం ఆగకపోతే నోరు పుక్కిలించుకోవాలి. కొబ్బరినీళ్ళు అసలే పనికిరావు. జీవితమంతా చెట్టెక్కి ఊరందరికీ బొండాలు దింపిన మనిషి, గుమ్మంలో బొండాల గెల పెట్టుకుని చుక్క తాగడానికి లేదు. అది చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. కూర పారబోసిన నీళ్ళలా చప్పగా ఉంది. ఆయన మాట్లాడకుండా తిన్నాడు.

శనివారం ఆయనతో డయాలసిస్‌కి వెళ్ళాను. గొట్టాల్లోంచి రక్తం బయటికి వెళ్ళి మళ్ళీ ఒంట్లోకి వస్తోంది. నాలుగు గంటలూ పక్కన కూర్చున్నాను. కాళ్ళు పట్టేస్తున్నాయంటే పిక్కలు నొక్కాను. ఒక గంట బాగా విసుగొచ్చింది. వెళ్ళిపోవాలనిపించింది కూడా. కూర్చున్నాను. మధ్యలో ఆయన కళ్ళు మూసుకునే నా చేతిని తడిమి, "అప్పా, ఉన్నావేటి?" అన్నాడు.

"ఉన్నాను తమ్ముడూ" అన్నాను.

నాన్నమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి తెలుసు.

ఇంటికొచ్చిన వారానికి ఆరాధనలో అదే పాట, అవే ఎత్తిన చేతులు. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేననను, ఒకప్పుడు నావీ నిజమైనవే. అవి ఇచ్చేవాడు ఆయన, ఇచ్చినప్పుడు తీసుకుంటాను. ఆ రోజు నా కళ్ళు పొడిగానే ఉన్నాయి గాని, లోపల కదిలిందా లేదా అని చూసుకోలేదు. సోమవారం ఉద్దానం తమ్ముడి డయాలసిస్ వంతు, ఆటోవాడు వేళకి వస్తాడా అని ఆలోచిస్తున్నాను. నాకు తెలిసినంతలో అదే నా ప్రార్థన. రెండో శనివారం మళ్ళీ వెళ్ళడానికి పేరు ఇచ్చాను.

గుడి నుంచి వస్తుంటే ఫోను మోగింది. ఆ తమ్ముడి భార్య.

"వదినా, వంకాయ ఉడకబెట్టినాను. ఈ నీళ్ళు ఉంచాలేటి, పారబొయ్యాలేటి?"

"పారబొయ్యమ్మా" అన్నాను.