వాడిన హై-అక్యురసీ క్వార్ట్జ్ స్పోర్ట్స్ వాచీ: కొనుగోలు నుంచి నెల కొలత దాకా లాగ్

కొనకముందు

హై-అక్యురసీ క్వార్ట్జ్ అంటే మామూలు క్వార్ట్జ్ కన్నా చాలా కచ్చితంగా నడిచే సెల్లు వాచీ. "ఏడాదికి పది సెకన్లే తేడా" అని అమ్మేవాళ్లు రాస్తారు. అది ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన మిషను (వాచీ లోపలి యంత్రం) లెక్క. ఏళ్ల తరబడి వాడిన మిషను సంగతి కొలిస్తే తప్ప తెలియదు. అందుకే లాగ్‌ను బేరం దగ్గరే మొదలుపెట్టాలి. మోడల్ నంబరు, మిషను నంబరు, చివరిసారి సెల్లు మార్చిన తేదీ, మూత తెరిచింది ఎవరు అన్నవి అడిగి రాసుకోండి.

వీటిలో మిషను నంబరే అసలుది. గ్రాండ్ సీకో 9ఎఫ్‌కు కంపెనీ చెప్పేది ఏడాదికి ±10 సెకన్లు, సీకో 8ఎఫ్‌కు ±20, 2017లో వచ్చిన లాంజిన్ కాంక్వెస్ట్ వీహెచ్‌పీకి ±5. మామూలు క్వార్ట్జ్‌కు ఒక్క నెలకే ±15 ఉంటుంది. మామూలు 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ (సెకనుకు అన్నిసార్లు కంపించి వాచీని నడిపే క్వార్ట్జ్ ముక్క) 25 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా వేగంగా కొట్టుకుంటుంది. వేడి పెరిగినా తగ్గినా నెమ్మదిస్తుంది. 15 డిగ్రీల దగ్గర ఆ నష్టం రోజుకు సుమారు 0.3 సెకను. 9ఎఫ్ లాంటి మిషను రోజుకు 540 సార్లు ఉష్ణోగ్రత చూసి ఆ లోటు పూడ్చుకుంటుంది. 8ఎఫ్ దారి వేరు, దాని క్రిస్టల్ మామూలుదానికి ఆరు రెట్లు వేగంగా, 196,608 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది.

ఎక్కువగా మోసపోయేది స్విస్ మిషన్ల కంపెనీ ఈటీఏ వారి 955 కుటుంబంలో. ఇందులో మామూలు మిషన్లూ ఉన్నాయి, థర్మోలైన్ అనే ఉష్ణోగ్రత సర్దుబాటు మిషన్లూ ఉన్నాయి. పైనుంచి డయల్ చూసి ఏది ఉందో చెప్పలేం. ఎప్పుడో రిపేరులో మామూలుది పెట్టేసి ఉంటే వాచీ నడుస్తుంది, తేదీ మారుతుంది, కొన్న కారణం మాత్రం పోతుంది. మూత తీసిన ఫోటోలో నంబరు చదవగలిగితేనే ముందుకు వెళ్లండి.

ఫోటోతోపాటు అర నిమిషం వీడియో కూడా అడగండి. సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు (సీకో) లేదా నాలుగేసి సెకన్లు (ఈటీఏ) గెంతుతుంటే సెల్లు అయిపోవచ్చిందని అర్థం. అది లోపం కాదు. "సెల్లు లేదు, వేస్తే నడుస్తుంది" అన్న వాచీ మీదే అనుమానం ఎక్కువ ఉండాలి. చచ్చిన సెల్లు లోపలే ఉండిపోతే కారుతుంది. కాంటాక్టు రేకు మీద తెల్లగానో పచ్చగానో పొర కనిపిస్తే ఆ ద్రవం సర్క్యూట్ దాకా పోయి ఉండొచ్చు. పాత మోడళ్లకు సర్క్యూట్ దొరకడం కష్టం కాబట్టి అలాంటి వాచీని వదిలేయడమే మేలు.

చేతికొచ్చిన రోజు

సెల్లు వయసు తెలియకపోతే కొలత మొదలుపెట్టకముందే కొత్తది వేయించండి. మధ్యలో మారిస్తే వాచీ ఆగి, అప్పటిదాకా రాసిన లెక్కంతా వృథా అవుతుంది. మూత తెరిచారు కాబట్టి రబ్బరు రింగు కూడా అప్పుడే మార్చి, పల్చగా సిలికాన్ గ్రీజు పూయించండి. డయల్ మీద 200 మీటర్లు అని ఉన్నా, రింగు గట్టిపడ్డాక ఆ అంకెకు విలువ లేదు. ముందు గాలి ఒత్తిడితో పొడి పరీక్ష, అది పాసైతేనే నీటి పరీక్ష. బిగించే క్రౌన్ (పక్కన టైమ్ తిప్పే బొత్తాం) ఉంటే మర పట్టు చూడండి, మొదటి చుట్టు నుంచే నున్నగా తిరగాలి. పట్టి పట్టి తిరిగితే మర అరిగిందనో, తప్పుగా ఎక్కిందనో అర్థం.

8ఎఫ్ అయితే సీఆర్2412 సెల్లు పడుతుంది. సెల్లు మార్చాక శాశ్వత క్యాలెండర్ (నెలకు ఎన్ని రోజులో తానే చూసుకుని తేదీ మార్చేది) జ్ఞాపకం పోతుంది, రీసెట్ చేసి సంవత్సరం, నెల, తేదీ మళ్లీ ఎక్కించాలి. ఇది తెలియకుండా మూత మూసేస్తే తేదీ పిచ్చిగా మారుతుంటుంది. దాన్ని చూసి మిషను పాడైందనుకుని తక్కువ ధరకు వదిలించుకునే వాళ్లున్నారు, తెలిసినవాళ్లకు అది లాభం.

కొలత

ఇంటర్నెట్ టైమ్‌తో సరిచేసిన కంప్యూటర్ తెరమీద సెకన్ల గడియారం పెట్టి, వాచీని పక్కనే ఆనించి, ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీయండి. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్లు. ముల్లు కదిలిన ఫ్రేమును, తెరమీద అంకె మారిన ఫ్రేమును పోల్చి పది టిక్కుల సగటు తీయండి. తెరకూ నెట్‌కూ కొంత ఆలస్యం ఉంటుంది. ప్రతిసారీ అదే కంప్యూటరు, అదే ఫోను వాడితే రెండు కొలతల తేడాలో అది దాదాపుగా కొట్టుకుపోతుంది.

మొదటి రోజు వాచీ +0.12 సెకన్లు (ప్లస్ అంటే ముందు), 30 రోజుల తర్వాత +0.78 ఉందనుకుందాం. తేడా 0.66ను 30తో భాగించి 365తో గుణిస్తే ఏడాదికి 8 సెకన్లు ముందు. ఇదే వారం రోజులకు చేస్తే నమ్మకూడదు. ఒక్కో కొలతలో 0.05 సెకను పొరపాటు ఉన్నా, వారం లెక్కను ఏడాదికి సాగదీస్తే 5 సెకన్ల దాకా తప్పు వస్తుంది. నెల లెక్కలో అది 1.2కు దిగుతుంది. వారంలోనే తీర్పు చెప్పేసి మంచి వాచీని తిప్పి పంపేవాళ్లు తక్కువేం కాదు.

దశాంశాల్లో మెల్లగా జరిగే తేడా క్రిస్టల్‌ది. ఉన్నట్టుండి సరిగ్గా 2 సెకన్లో 4 సెకన్లో వెనకబడి, దశాంశం మాత్రం అలాగే ఉంటే అది మోటారు పని. సెకన్ల ముల్లు తిప్పే మోటారుకు పల్సులు ఒకటి ప్లస్, ఒకటి మైనస్‌గా మారి మారి వెళ్తాయి. ఒక అడుగు తప్పితే తర్వాతి పల్సు ఎదురు దిశలో పడి రోటరు (మోటారులో తిరిగే అయస్కాంతం) కదలదు, అందుకే నష్టం జంటగా వస్తుంది. కారణం నీరసించిన సెల్లో, ఎండిన నూనెలో, పక్కన పెట్టిన అయస్కాంతమో. మ్యాగ్నెట్ మూత ఉన్న ఫోను కవర్లు, స్పీకర్ల నుంచి దూరంగా పెట్టి మళ్లీ చూడండి. దానికీ తగ్గకపోతే సర్వీసు చేయించాల్సిందే.

ఉష్ణోగ్రత సర్దుబాటు పనిచేస్తోందో లేదో పట్టుకోవడానికి పది రోజులు చేతికి పెట్టుకుని, మరో పది రోజులు 15 డిగ్రీల చల్లని గదిలో వదిలేయండి. మామూలు మిషను రెండో విడతలో మూడు సెకన్ల వరకు వెనకబడుతుంది. సర్దుబాటు ఉన్నదానిలో తేడా సెకనులో భాగాల్లోనే ఉంటుంది.

రిపేరు బల్ల మీద కొలిచే యంత్రం పెట్టి చూపించే రేటును (ఎంత ముందో, ఎంత వెనకో) తేలిగ్గా నమ్మకండి. సర్దుబాటు చిన్న చిన్న విడతల్లో జరుగుతుంది, కొన్ని మిషన్లలో ఒక విడత 480 సెకన్లు. కొలిచే యంత్రాన్ని 10 సెకన్ల కొలతకు పెడితే ఆ సవరణ పడని రేటు చూపించి, మంచి వాచీని కూడా చెడ్డదని చెబుతుంది.

కొలతలో స్థిరంగా ఏడాదికి +8 సెకన్లు వచ్చిన 9ఎఫ్‌ను బాధపడకుండా ఉంచుకోవచ్చు. దానికి రేటు సరిచేసే చిన్న మీట లోపలే ఉంది, తెలిసిన మనిషి చేతిలో పెడితే చాలు. ఒక నెల +3, మరో నెల -9 వచ్చేదాన్ని మాత్రం ఏ మీటతోనూ దారికి తేలేం.