బత్తాయి తోటలో పన్నెండు వోల్టుల తిప్పలు

మా బత్తాయి తోట దేవరకొండ నుంచి ఓ పదిహేను కిలోమీటర్లు. కొట్టం మీద సోలార్ ప్లేట్లు చూసి అక్కడ కరెంటు లేదేమో అనుకుంటారు అందరూ. ఉంది. బోరు కాడ త్రీఫేజ్ లైను ఉంది, 2018 జనవరి నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక మోటారుకు ఢోకా లేదు. కానీ బోరు చేను దిగువన, కొట్టం ఎగువన, మధ్యలో మూడు వందల మీటర్లు. అంత దూరం రాగి వైరు గుంజితే తెల్లారేదాకా ఉంటుందన్న నమ్మకం లేదు, మా దిక్కు వైర్లు కోసుకుపోయేవాళ్ల సంగతి తెలిసిందే. అందుకే కొట్టం మీద 160 వాట్ల ప్లేట్లు రెండు, లోపల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, అంటే నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం ఒకటి, గోడకి చార్జ్ కంట్రోలర్ (ప్లేట్ల కరెంటుని బ్యాటరీకి మోతాదుగా ఎక్కించే పెట్టె), దాని పక్కన చిన్న ఇన్వర్టర్ పెట్టించాను.

పెద్ద లోడు కూడా ఏం లేదు. సిమ్ వేసే రౌటర్ ఒకటి, కెమెరాలు రెండు (ఒకటి కొట్టం ముందు, ఇంకోటి గేటు కాడ), రెండు ఎల్ఈడీ బల్బులు, కాయ సీజన్‌లో అక్కడే పడుకునే మా చిన్నాయన ఫోను. అడవిపందులు ఎప్పుడొస్తున్నాయో, కాయ ఎవరు తెంపుతున్నారో ఇంట్లో కూర్చుని చూడొచ్చని నా ఆశ.

మొదట్లో అందరిలాగే అన్నీ ఇన్వర్టర్‌కే పెట్టాను. శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది, రెండో రోజు పొద్దున్నే ఇన్వర్టర్ కుయ్‌మని అరిచి పడుకుంది. లెక్క తప్పిందెక్కడా అని డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తెచ్చి చూశాను. రౌటర్ 7 వాట్లు, కెమెరాలు ఒక్కోటి 4, మొత్తం 15. ఇవన్నీ పీకేసి, ఒట్టి ఇన్వర్టర్ ఆన్‌లో ఉంచి చూస్తే అదొక్కటే బ్యాటరీ నుంచి 1.1 ఆంపియర్ లాగుతోంది, అంటే దాదాపు 14 వాట్లు. ఏ పనీ చేయకుండా! చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే.

పైగా అది చేసే పనేంటో చూడండి. బ్యాటరీలో ఉన్న 12 వోల్టుల డీసీని ఇంటి కరెంటులాంటి 230 వోల్టుల ఏసీ చేస్తుంది, రౌటర్ అడాప్టర్ దాన్ని మళ్లీ 12 వోల్టుల డీసీ చేస్తుంది. దేవరకొండ నుంచి నల్గొండ పోవడానికి హైదరాబాద్ బస్సెక్కినట్టు. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు, లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగు కాలాలు బతకాలంటే అందులో సగమే వాడుకోవాలి, అంటే 900. పదిహేను వాట్లు రోజంతా నడిస్తే 360, రెండున్నర రోజులు ఎండ లేకపోయినా గడుస్తుంది. ఇన్వర్టర్ తిండి, అడాప్టర్ల నష్టం కలిపితే రోజు దాటడమే గగనం.

సరే, బ్యాటరీ మీదా 12 అనే ఉంది, రౌటర్ అడుగునా 12 అనే ఉంది, మధ్యలో ఈ పెత్తందారు ఎందుకని పాత అడాప్టర్ల పిన్నులు కోసి, మీటర్‌తో చూసి (నా రౌటర్‌కీ కెమెరాలకీ పిన్ను లోపలి భాగం ప్లస్, అన్నిటికీ అలాగే ఉండదు, అడాప్టర్ మీద బొమ్మ చూసుకోవాలి) నేరుగా బ్యాటరీకి కలిపేశాను. బ్రహ్మాండంగా నడిచింది. మూడు వారాలు.

ఆ తర్వాత ఓ ఆదివారం మధ్యాహ్నం రౌటర్ పోయింది. విప్పి చూస్తే లోపల పిన్ను పక్కనే ఉన్న కెపాసిటర్ నెత్తి ఉబ్బింది, దాని మీద 16వీ అని ఉంది, దాని వెనక చిప్పు మీద చిన్న నల్ల మచ్చ. అప్పుడు కంట్రోలర్ పుస్తకం తీసి చదివాను, కొన్నప్పుడు చదవాల్సింది. నీళ్లు పోసే బ్యాటరీ అని సెట్ చేస్తే అది మామూలు రోజుల్లో 14.4 వోల్టుల దాకా తీసుకుపోతుందట, 28 రోజులకోసారి ఈక్వలైజ్ (బ్యాటరీ లోపలి గదులన్నీ సమంగా నిండేలా చేయడం) అని 14.8 దగ్గర రెండు గంటలు పట్టి ఉంచుతుందట. కొన్ని కంట్రోలర్లు చలికి దాన్ని ఇంకాస్త పెంచుతాయి కూడా. బ్యాటరీకి అది మంచిదే, ఆ రెండు గంటలు దానికి తలంటు పోసినట్టు. దానికి కట్టేసిన రౌటర్‌కే చావొచ్చింది.

ఇదే నేను చెప్పాలనుకున్నది. బ్యాటరీ మీద రాసే 12 ఒక పేరు, కొలత కాదు. నిండుగా ఉండి ఏ లోడూ లేకుండా ఊరికే ఉన్నప్పుడు 12.7, సగం అయ్యాక 12.2, అడుగంటితే 11.8 దగ్గర, చార్జింగ్‌లో 14.4 పైన. రౌటర్, కెమెరాల మీద రాసే 12 మాత్రం నిజంగా పన్నెండే. నా కెమెరా పెట్టె మీద 10 శాతం అటూ ఇటూ అని ఉంది, అంటే 10.8 నుంచి 13.2 లోపల. కొన్ని రౌటర్లు లోపలి కన్వర్టర్ గట్టిదైతే 15 కూడా తట్టుకుంటాయి, నాకు తెలిసినవాళ్లకి ఏళ్లుగా నేరుగా నడుస్తున్నాయి కూడా. వాళ్ల అదృష్టం వాళ్లది.

గేటు కాడి కెమెరాది ఇంకో కథ. అది మధ్యాహ్నం బాగుంటుంది, తెల్లవారుజామున మూడింటికి పోతుంది, ఆగి ఆగి మళ్లీ వస్తుంది, సరిగ్గా పందులొచ్చే టైముకి. చిన్నాయన అయితే "పందులకు కరెంటు పని కూడ తెల్సురా" అని నవ్వాడు. కొట్టం నుంచి గేటుకు 40 మీటర్లు, నేను వేసింది చౌకగా వచ్చిన 0.5 చదరపు మిల్లీమీటర్ల జంట వైరు. పోనూ రానూ 80 మీటర్ల రాగి, దాని నిరోధం రెండు ముప్పావు ఓమ్‌లు. చీకటి పడ్డాక కెమెరాలో నైట్ విజన్ లైట్లు వెలిగి 0.6 ఆంపియర్ లాగితే వైర్లోనే 1.6 వోల్టులు మాయం. బ్యాటరీ 12.1కి దిగిన వేళకి గేటు కాడికి చేరేది పదిన్నర వోల్టులే, ఇంక కెమెరా లేచి పడక ఏం చేస్తుంది. తమాషా ఏంటంటే పగటి పూట ఎక్కువ వోల్టేజీని అంతో ఇంతో తగ్గించింది కూడా ఆ సన్న వైరే, కాబట్టి రౌటర్‌తో పాటు అది పోలేదు. మన లోభితనం కూడా ఒక్కోసారి పనికొస్తుంది.

230 వోల్టుల్లో ఒకటిన్నర వోల్టు పోతే ఎవడికీ తెలియదు. పన్నెండులో పోతే ఎనిమిదో వంతు పోయినట్టు. ఇంట్లో వైరింగ్ చేసే మేస్త్రీలకి ఇది తట్టదు. లారీలు, ట్రాక్టర్ల వైరింగ్ చేసే ఆటో ఎలక్ట్రీషియన్‌కి చెప్పకుండానే తెలుసు, ఎందుకంటే ఆయన బతుకంతా 12, 24 వోల్టుల్లోనే. దేవరకొండలో నేను పోయిన షాపాయన నా ఫోటోలు చూసి మొదట అడిగింది, "ఫ్యూజేది అన్నా?" అని. లేదన్నాను. "బ్యాటరీ ప్లస్సు కాడ్నే ఉండాలె, జానెడు దూరంల. లేకుంటే వైర్లు కాదు, కొట్టం కాల్తది." నిజమే, షార్ట్ అయితే ఈ సైజు బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది, వెల్డింగ్ రాడ్డు పనంత పని. లారీల్లో వాడే బ్లేడు ఫ్యూజుల పెట్టె ఇచ్చాడు, ఒక్కో లైనుకి 5 ఆంపియర్లది ఒకటి. నెల తిరగకముందే ఉడుత ఒకటి దూలం మీద వైరు కొరికింది. ఫ్యూజు పోయింది, అంతే. ఉడుత కూడా బతికే ఉంది, రోజూ కనిపిస్తుంది.

వోల్టేజీ నిలబెట్టడానికి మొదట ఆన్‌లైన్‌లో దొరికే నీలం రంగు బుల్లి బోర్డు, ఎల్ఎం2596 చిప్పుది, తెప్పించాను. ఎక్కువ వోల్టేజీని 12కి దించుతుంది, పగలు శుభ్రంగా పనిచేసింది. రాత్రి మళ్లీ పాత కథే, ఎందుకంటే అది దించడమే తప్ప ఎత్తలేదు, పైగా లోపలికి వచ్చేది బయటికి ఇచ్చేదానికంటే వోల్టు పైచిలుకు ఎక్కువుండాలి. 12.1 లోపలికి పోతే 11 చిల్లర బయటికి వస్తుంది. కావాల్సింది దించీ ఎత్తీ చేసేది, బక్ బూస్ట్ అంటారు. 8 నుంచి 40 వోల్టుల దాకా ఏదిచ్చినా 12 ఇచ్చేవి, తడి తగలకుండా రబ్బరులాంటి దాంట్లో పోతపోసిన అల్యూమినియం పెట్టెలు, వాహనాల కోసం దొరుకుతాయి. రెండు తెచ్చాను. ఒకటి రౌటర్ పక్కన, ఇంకోటి కొట్టంలో కాకుండా గేటు కాడ కెమెరా దగ్గరే, అప్పుడు వైర్లో ఎంత పోయినా చివర్లో అది సర్దుకుంటుంది. వైరు కూడా మార్చి 2.5 చదరపు మిల్లీమీటర్లది వేశాను, ఇప్పుడు పోయేది 0.3 వోల్టే. కొట్టం ముందున్న కెమెరాని రౌటర్ కన్వర్టర్‌కే కలిపాను.

ఫోనుకి కార్లో పెట్టే చార్జర్ సాకెట్ చాలు, 12, 24 రెండింటికీ పనిచేసేది అయితే ఇంకా మేలు. అది పుట్టిందే ఎగిరిపడే బ్యాటరీ కోసం. బల్బులు 12 వోల్టుల డీసీవి దొరుకుతాయి. ఫ్యాను సంగతి ఇంకా తేల్చుకోలేదు.

కల్వకుర్తి దిక్కున్న మా బావమరిది రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టుల సిస్టమ్ పెట్టుకున్నాడు. పెద్ద లోడుకి అదే మంచిది, అంతే పవర్‌కి కరెంటు సగమే పారుతుంది, పైగా ఎప్పుడూ 20 పైనే కాబట్టి 12కి దించే చౌక బోర్డు సరిపోతుంది. కానీ ఆయన బోర్డు కొనలేదు. కింది (మైనస్ వైపు) బ్యాటరీ ఒక్కదాని మీద నుంచి రెండు వైర్లు తీసి రౌటర్, బల్బులు నడిపాడు. "పన్నెండు అక్కడ్నే ఉంది గద బావా" అని. కంట్రోలర్‌కి కనిపించేది రెండింటి మొత్తమే. కిందిది ఎప్పుడూ అరకొర చార్జింగ్‌తో ఎండి, పైది ఎక్కువై నీళ్లు మరిగి, ఏడాదిలోపే రెండూ పోయాయి. ఆయన మాత్రం ఇప్పటికీ బ్యాటరీలే మంచివి కావంటాడు.

ఒక చిరాకు మిగిలింది. కన్వర్టర్ పక్కన చిన్నాయన రేడియో పెడితే స్టేషన్ మీద జుయ్యిమని ఒకటే రొద. మీడియం వేవ్‌లో మరీ ఎక్కువ. కన్వర్టర్‌ని పాత బిస్కెట్ డబ్బాలో పెట్టి, మూత పెడితే వేడెక్కుతుందని పక్కలకి బొక్కలు కొట్టాను. రేడియోని అవతలి గుంజకి తగిలించాడు ఆయన. ఇప్పుడు వినబడుతుందంటాడు, నాకైతే ఇంకా రొదే.

ఇన్వర్టర్ పీకేయలేదు, ఎప్పుడైనా డ్రిల్లు మిషన్ పెట్టాల్సొస్తే ఆన్ చేస్తాం, మళ్లీ ఆపేస్తాం. మొన్న ముసురులో రెండో రాత్రి నాలుగింటికి మెలకువొచ్చి ఫోన్ తీశాను. అంతకుముందే చిన్నాయన చేత మీటర్ పెట్టించాను, బ్యాటరీ 12.3 ఉందన్నాడు. గేటు కెమెరా లైవ్‌లో ఉంది. ఒక తల్లి పంది, వెనక ఐదు పిల్లలు, గేటు కింది సందులోంచి ఒక్కొక్కటీ వరసగా లోపలికి దూరుతున్నాయి, మీసం వెంట్రుకలతో సహా కనిపిస్తున్నాయి. చిన్నాయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.