పొట్టిదైతే చాలదు, తొందరగా పూయాలి

విత్తనాల కేటలాగులో ఒక హెంప్ రకం పక్కన "పొట్టిగా పెరుగుతుంది, చల్లటి వాతావరణానికి బాగా సరిపోతుంది" అని కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. పొట్టిదనానికీ చలికీ ఏమిటి సంబంధం? ఈదురుగాలికి పడిపోదు, కోతకు సులువు. అంతవరకూ నిజమే. కానీ వాన, మంచు, మబ్బు వదలకుండా పట్టుకునే చోట ఈ పంటను ఎక్కువగా తినేది గాలి కాదు, బూజు. బూజు విషయంలో పొట్టి మొక్కకు ఒక్కోసారి నష్టమే ఎక్కువ.

ముందే చెప్పేస్తాను, నేను వేసేది గింజల కోసం పెంచే హెంప్. గంజాయి జాతి మొక్కే గానీ మత్తునిచ్చే టీహెచ్‌సీ ఇందులో నామమాత్రం. ఐరోపా సమాఖ్య పంటల పథకంలో ఆ పరిమితి 2023 నుంచి 0.3 శాతం, అంతకుముందు 0.2 ఉండేది. రూల్స్ దేశానికో రకం. చాలా చోట్ల పెరట్లో నాలుగు మొక్కలు వేసుకోవడానికి కూడా వీల్లేదు. అనుమతి కాగితమూ, విత్తన సంచికి ఉన్న లేబులూ ఫైల్లో పెట్టాకే నేను మట్టి ముట్టుకుంటాను. ఏపుగా ఎదిగిన మడిని గట్టు మీద నుంచి చూసి అందులో టీహెచ్‌సీ ఎంతుందో ఎవరూ చెప్పలేరు. ఆ టెన్షన్ నాకొద్దు.

అసలు విషయం పగటి పొడవు. మామూలు హెంప్ రాత్రులు పెరిగేదాకా పూతకు రాదు. ఫిన్లాండ్ లాంటి ఉత్తరపు దేశాల్లో వేసవి పగళ్లు చాలా పొడుగు కాబట్టి, వాటికి దక్షిణాన ఉన్న దేశాల రకాలను అక్కడ వేస్తే పెరుగుతూనే ఉంటాయి. తీరా పూత మొదలయ్యేసరికి వేసవి చివరికొస్తుంది, గింజ గట్టిపడే వేళకి శరదృతువు వానలు. మనకు కావలసింది పగటి పొడవును పెద్దగా పట్టించుకోకుండా, వయసు రాగానే పూసే మొక్క. ఆ గుణం రష్యా వైపు అడవిరకాల్లో ఉంది. 1924లో యానిషెవ్‌స్కీ అనే వృక్షశాస్త్రవేత్త రుడెరాలిస్ అని పేరు పెట్టింది అలాంటి మొక్కలకే. చిన్నగా ఉంటాయి, త్వరగా పూస్తాయి, గింజ రాల్చేసి తమ పని ముగించుకుంటాయి.

గింజల హెంప్‌లో ఈ తరహాకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఫినోలా. 1990ల్లో ఫిన్లాండ్‌లో రూపుదిద్దుకున్న రకం. దాని మూలాలు రష్యాలోని వావిలోవ్ సంస్థ విత్తన సేకరణలో ఉన్నాయి. నారకోసం వేసే రకాలు మూడు మీటర్లు దాటిపోతే, ఇది మనిషెత్తుకు అటూ ఇటూగా ఆగిపోతుంది. విత్తిన నెలకో, ఇంకో వారానికో పూత మొదలవుతుంది, నాలుగు నెలల్లోపు కోతకు వస్తుంది. దీని గొప్పతనం ఎత్తులో లేదు, ఆ తొందరలో ఉంది. ఎత్తు తగ్గడం కూడా ఆ తొందర వల్లే: పూత మొదలయ్యాక కాండం ఇంకెంతో కాలం పొడుగు సాగదు. కేటలాగులు ఈ ముక్క చెప్పవు, పక్కన బొమ్మ మాత్రం వేస్తాయి.

ఇక బూజు. బొట్రైటిస్ అనే ఆ బూడిదరంగు శిలీంధ్రం పదిహేను నుంచి ఇరవై అయిదు డిగ్రీల చల్లదనంలో, గాలిలో తేమ బాగా ఎక్కువైనప్పుడు హాయిగా బతుకుతుంది. అంటే చల్లటి తేమ ప్రాంతపు వేసవి చివరంతా దానికి పండగే. పొట్టి రకాల్లో కణుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి, పూగుత్తి ఒత్తుగా కూరుకుపోయి ఉంటుంది. వాన పడ్డాక పై ఆకులు ఆరిపోయినా గుత్తి లోపల తడి అలాగే ఉంటుంది. కుళ్లు అక్కడే మొదలవుతుంది. అందుకే బయటికి బూజు కనిపించేసరికి లోపల చాలా పోయి ఉంటుంది.

నేను వెతికేది బూజును కాదు, ఒక్క ఆకును. చుట్టూ అంతా పచ్చగా ఉండి గుత్తి మధ్యలోంచి ఒకే ఆకు వాడిపోయి పసుపు తిరిగితే, దాన్ని మెల్లగా లాగి చూస్తాను. తేలిగ్గా ఊడొచ్చి మొదలు గోధుమరంగులో మెత్తగా ఉంటే అనుమానం తీరినట్టే. కుళ్లు కనిపించిన చోటికి జానెడు కింద కోసి, వెంటనే సంచిలో వేసి మూతి కట్టేస్తాను. కంపోస్టు గుంటలో వేయను. కత్తెర ప్రతిసారీ స్పిరిట్‌తో తుడవడం విసుగే, అయినా తుడుస్తాను. గొంగళిపురుగు కొరికిన చోట, కొమ్మ రాసుకుని గీరుకున్న చోట ఈ కుళ్లు ముందు పడుతుంది కాబట్టి పురుగు రెట్ట కనిపించిన గుత్తిని రెండుసార్లు చూస్తాను.

మందు కొట్టొచ్చు కదా అంటారు. తినే గింజల మీద పూత దశలో కొట్టడం నాకిష్టం లేదు. గాలి ఆడేలా చూడటమే నా మందు. పెద్ద పొలాల్లో చాళ్ల మధ్య జానెడు కూడా వదలరు, కలుపు అణుగుతుందని. నా మడిలో అంతకు రెట్టింపు వదులుతాను. కలుపు నేనే తీసుకుంటాను, పోయేదేముంది. చాళ్లు గాలి వీచే దిక్కుకే ఉండాలి. నత్రజని తక్కువగా వేయాలి, లేకపోతే మొక్క మెత్తగా, ఆకుల గుబురుగా తయారై శిలీంధ్రానికి విందు పెడుతుంది. ఈ రకాల్లో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. పుప్పొడి రాల్చాక మగవి ఎలాగూ ఎండిపోతాయి. అవి ఎండి కుళ్లేదాకా ఆగకుండా పీకేస్తే ఆడ మొక్కల మధ్య ఖాళీ దానంతట అదే వస్తుంది. కానీ తొందరపడి పూతకు ముందే పీకితే గింజే ఉండదు.

నేల గురించి పెద్దగా చెప్పేది లేదు. నీరు నిలిచే చోట వద్దు, ఎత్తు మడి చేసుకోండి. మట్టి ఎనిమిది, పది డిగ్రీలకు వచ్చాక రెండు మూడు సెంటీమీటర్ల లోతున విత్తండి. చల్లటి బురదలో వేస్తే గింజ మొలవక ముందే కుళ్లుతుంది.

కోతకు అన్ని గింజలూ పండేదాకా ఆగేవాళ్లను చూస్తే నాకు జాలి. గుత్తిలో కింది గింజలు ముందు పండుతాయి, పైవి తర్వాత. మూడొంతుల్లో రెండొంతులు గోధుమరంగుకు తిరిగి, తమను కప్పిన పచ్చటి పొరలోంచి తొంగిచూస్తుంటే కోసేయాలి. ఇంకో వారం ఆగితే పండినవి రాలిపోతాయి, మిగిలినవి పిచ్చుకలు తింటాయి, ఆ తర్వాత వాన. పచ్చి గింజ అయినా ఫరవాలేదు, బూజు పట్టింది మాత్రం వద్దు.

కోసిన గుత్తుల్ని కుప్పగా వేయకండి. తడి గింజ కొన్ని గంటల్లోనే వేడెక్కడం మొదలుపెడుతుంది, వాసన మారిందంటే ఇక ఆ గింజ పనికిరాదు. పలచగా పరిచి, ఫ్యాన్ పెట్టి, రోజూ తిరగేస్తాను. గది వేడి నలభై డిగ్రీలు దాటనివ్వను. చేతులకు అంటుకునే జిగురు సబ్బుకు పోదు, కాస్త వంటనూనె రుద్దితే పోతుంది. తేమ ఎనిమిది, తొమ్మిది శాతానికి దిగాక తూర్పారబట్టి, గాలి చొరని డబ్బాల్లో పోసి చల్లగా చీకట్లో పెడతాను. గింజలో మూడోవంతు దాకా నూనే, అందులోనూ త్వరగా పాడయ్యే రకం. అందుకే పొట్టు తీసేది వాడుకునే ముందే.