కెర్నల్ అప్‌గ్రేడ్ తర్వాత నిండిపోయిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రూట్: నా అనుభవం

ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లినక్స్, సిస్టమ్ ఫైళ్లుండే 40 జీబీ రూట్ పార్టిషన్, దాని మీద బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతి). కొత్త కెర్నల్‌తో రీబూట్ అయిన కాసేపటికే రూట్ రీడ్-ఓన్లీకి (చదవడమే తప్ప రాయడం కుదరని స్థితికి) మారిపోయింది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ‘ట్రాన్సాక్షన్ అబార్టెడ్, ఎర్రర్ -28’ అని ఉంది, అంటే చోటు లేదని. డిస్కులో ఖాళీ చెప్పే డీఎఫ్ కమాండ్ మాత్రం 5 జీబీ ఖాళీ చూపిస్తోంది. పాత కెర్నల్‌తో బూట్ చేసినా అదే గొడవ.

ఇలాంటప్పుడు డీఎఫ్‌ను పక్కనపెట్టి ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్’ చూడాలి. అందులో ‘డివైస్ అన్‌అలొకేటెడ్’ (ఇంకా దేనికీ కేటాయించని చోటు) 1 ఎంబీ. డేటాకు 37.5 జీబీ కేటాయించి ఉంది, వాడుతున్నది 32.5. మెటాడేటాకు (ఫైళ్ల పేర్లు, అవి ఎక్కడున్నాయన్న వివరాలకు) కేటాయించింది 1.25 జీబీ, డూప్ (రెండు కాపీలు ఉంచే పద్ధతి) కాబట్టి డిస్కు మీద 2.5. అందులో 1.16 నిండిపోయింది, మిగిలిన కాస్తా గ్లోబల్ రిజర్వ్‌కే (ఫైల్‌సిస్టమ్ తన అత్యవసరానికి పక్కన పెట్టుకునే చోటుకే) సరి. డేటా ఛంకుల్లోని (డేటాకు కేటాయించిన ముక్కల్లోని) ఖాళీ మెటాడేటాకు పనికిరాదు. కొత్త మెటాడేటా ఛంకు కావాలంటే ఎవరికీ కేటాయించని చోటు ఉండాలి, అదే లేదు. కెర్నల్ మాడ్యూళ్లు, ఇనిట్‌ఆర్‌డీ (బూట్‌కు కావాల్సిన ఫైళ్ల కట్ట), అప్‌డేట్‌కు ముందూ వెనకా స్నాపర్ అనే టూల్ తీసిన స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో ఫైల్‌సిస్టమ్ ఉన్న స్థితి నకళ్లు) కలిసి ఆ చివరి చోటు తినేశాయి.

ఎర్రర్‌తో రీడ్-ఓన్లీ అయిన ఫైల్‌సిస్టమ్ రీమౌంట్‌కు లొంగదు, రీబూట్ చేయాల్సిందే. మధ్యలో ఆగిన బ్యాలెన్స్ (ఛంకులను తిరిగి సర్దే పని) ఏదైనా ఉంటే లైవ్ యూఎస్‌బీ నుంచి ‘స్కిప్_బ్యాలెన్స్’ ఆప్షన్‌తో మౌంట్ చేయండి. లేదంటే అది మళ్లీ మొదలై మళ్లీ పడేస్తుంది.

ముందు స్నాప్‌షాట్లు. ఫైళ్లు డిలీట్ చేసినా పాత స్నాప్‌షాట్ పట్టుకుని ఉంటే ఒక్క బైటూ తిరిగి రాదు. ‘స్నాపర్ లిస్ట్’లో నక్షత్రం గుర్తున్నదాన్ని (ప్రస్తుతం వాడుతున్నదాన్ని) వదిలేసి, పాతవాటిని ఒక్కొక్కటిగా తీసేయాలి. ఒక్కోదాని తర్వాత ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్ సింక్’ ఇచ్చి, అది పూర్తయ్యేదాకా ఆగాలి. తొలగింపుకూ మెటాడేటా ఖర్చవుతుంది, అందుకే గుంపుగా కొట్టేయొద్దు.

తర్వాత బ్యాలెన్స్: సగం నిండిన బస్తాల్లో ధాన్యాన్ని ఒకదాంట్లోకి చేర్చి ఖాళీ సంచులు వెనక్కిచ్చే పని. ‘డీయూసేజ్’ (ఎంత శాతంలోపు నిండిన డేటా ఛంకులను సర్దాలో చెప్పే ఆప్షన్) విలువ 0తో మొదలుపెట్టి 10, 20, 30 అంటూ పెంచుతూ పోవాలి. ఇక్కడ 10 దగ్గరే మళ్లీ చోటు లేదంది. అప్పుడు 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను ‘డివైస్ యాడ్’తో తాత్కాలికంగా చేర్చాను. అందులో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ తీసుకోండి. దాంతో బ్యాలెన్స్ సాగింది, 3 జీబీకి పైగా అన్‌అలొకేటెడ్‌కు వచ్చింది. చివర్లో ‘డివైస్ రిమూవ్’ ఇచ్చి, అది పూర్తయ్యాకే పెన్‌డ్రైవ్ పీకాను. ఈలోపు మెటాడేటా కాపీలు రెండూ దాని మీదికే చేరి ఉండొచ్చు, పీకితే ఫైల్‌సిస్టమే పోతుంది. ఇదే కారణంతో ర్యామ్‌డిస్కును (మెమరీలో పెట్టే డిస్కును) ఎప్పుడూ చేర్చొద్దు, కరెంటు పోతే అంతే సంగతులు.

మెటాడేటాను మాత్రం బ్యాలెన్స్ చేయను. అందులో మిగిలిన వెసులుబాటును అది కుదించేస్తుంది, వారం తిరక్కుండా ఇదే ఎర్రర్ వస్తుంది.

ఆ తర్వాత ‘జిప్పర్ పర్జ్-కెర్నల్స్’తో పాత కెర్నళ్లు తీసేసి, స్నాపర్ కాన్ఫిగ్‌లో ‘నంబర్ లిమిట్’ (ఎన్ని స్నాప్‌షాట్లు ఉంచాలన్న పరిమితి) తగ్గించాను. 5.19, ఆపై కెర్నళ్లలో ‘బీజీ_రిక్లెయిమ్_థ్రెషోల్డ్’ను డేటాకు 30 పెడితే, ఫైళ్లు తీసేస్తున్నకొద్దీ ఆ శాతానికి దిగిన ఛంకులను కెర్నలే ఖాళీ చేస్తుంది. రీబూట్‌తో ఆ విలువ పోతుంది కాబట్టి బూట్ సమయంలో రాసే సర్వీసు ఒకటి పెట్టుకోవాలి.